జయ చేసిన కట్టె మోటారు

చాందా, గని కాలనీ
20-9-1959, ఆదివారం

రాజక్కకు తమ్ముడు సమ్మన్న నమస్కారాలు. ఇక్కడ నేను, నీ మరదలు ఆగమ్మ, బిడ్డ జయ ముగ్గురం కులాసాగా ఉన్నాం. ఆసిఫాబాదులో నువ్వూ బావా అట్లాగే ఉన్నారని అనుకుంటున్నాను. ఆగమ్మ దగ్గు గురించి అడిగావు. తగ్గింది. బావ మోకాళ్లకని నేను పంపిన నూనె పనిచేసిందో లేదో నువ్వే రాయలేదు.

మన ఊరి సంగతి అడిగావు. పోయిన నెల వెళ్లి వచ్చాను. రాజురా వైపు ఊళ్లు మీ జిల్లా నుంచి విడిపోయి ఇటు కలిశాక సర్కారు కచేరీ కాగితాలన్నీ మరాఠీలోనే వస్తున్నాయి. చిన్నాయన కొడుకు భూమన్న ఒక కాగితం తెచ్చి చదివి చెప్పమన్నాడు. నాకూ సగమే అర్థమైంది. బాపు వడ్రంగం చేసిన కొట్టం కూలిపోయింది. దాని ముందు నుంచి వాగుకు దిగే బాట మాత్రం అట్లాగే ఉంది. అక్కడ చాలాసేపు నిలబడ్డాను.

అప్పుడు నీకు పన్నెండేళ్లు, నాకు ఎనిమిది. తహసీల్దారు మోటారు కారు ఒక్కసారి ఊళ్లోకి వచ్చి పోయింది. దాన్ని చూసింది చూసినట్టు మనసులో పెట్టుకుని నువ్వు బాపు పారేసిన టేకు ముక్కతో బొమ్మ మోటారు చేశావు. గుండ్రటి కొమ్మను బిళ్లలుగా కోసి చక్రాలు పెట్టావు. ఇరుసుకు ఆముదం రాశావు. ఆడపిల్లకు రంపమేమిటని అవ్వ కోప్పడితే, బాపు చిన్న ఉలి ఒకటి నీ వైపు జరిపాడు. ఆ బాట మీద మగపిల్లల మోటార్లన్నీ పల్టీలు కొడితే నీది రెండు చక్రాల మీద వంపు తిరిగి వాగు దాకా పోయింది. నేను దాని వెనక ఉరికి ఉరికి పడ్డాను. మోకాలి మీద ఆ మచ్చ ఇప్పటికీ ఉంది.

ఇక్కడ పిల్లలతో కట్టె మోటార్లు చేయించడం నేను మొదలుపెట్టి రెండేళ్లు దాటింది. గనిలో కప్పుకు దన్నుగా నిలిపే దుంగలు కోసేది నేనే కదా, మిగిలిన ముక్కలు ఆదివారం తెచ్చి వాకిట్లో పోస్తాను. తెలుగు పిల్లలూ మరాఠీ పిల్లలూ కలిసే వస్తారు. నల్లా దగ్గర మీరెవరంటే మీరెవరని కొట్టుకునేవాళ్లు, ఇక్కడ ఒకడు కట్టె పట్టుకుంటే ఇంకొకడు కోస్తాడు. వానలు లేనప్పుడు నీళ్ల ట్యాంకు నుంచి బడి గేటు దాకా ఉన్న వాలులో పందెం పెడతాం. ఇవన్నీ నీకు తెలిసినవే. జయ ఉత్తరాల్లో చదివావు.

ఇంతవరకు రాసి, లేచి నీళ్లు తాగి వచ్చాను. జయ ఉత్తరం ఈసారి ఎందుకు ఆలస్యమైందని అడిగావు. అక్కా, జయ నీకు ఎప్పుడూ ఉత్తరం రాయలేదు. ఇంతవరకు నీకు వచ్చిన ఏడు ఉత్తరాలూ నేను రాసినవే. చిన్నపిల్ల రాతలా ఉండాలని ఎడమచేత్తో రాశాను.

జిల్లాలు విడిపోయినప్పుడు ఇక్కడి బడిలో తెలుగు చెప్పే అనంతరావు సారు మీ వైపు వెళ్లిపోయారు. ఆయన స్థానంలో ఎవరూ రాలేదు. జయ మరాఠీ తరగతిలో కూర్చుంది. నేర్చుకున్న నాలుగు అక్షరాలూ మరిచిపోయింది. ఇంట్లో నేర్పుదామని రోజూ అనుకుంటూ, పని నుంచి వచ్చి పడుకునేవాణ్ణి. అంతలో నువ్వు, నీ చేత్తో అత్తకు రెండు ముక్కలు రాయవే అని జయకు రాశావు. నా బిడ్డకు తెలుగు రాదని నీకు చెప్పడానికి నామోషీ అయింది. ఒక్కసారికే కదా అని రాశాను. నువ్వు దాన్ని వాడకట్టులో అందరికీ చదివి వినిపించానని జవాబు రాశావు. నీకు పిల్లలు లేరన్న సంగతి నా మనసులో మెదిలింది. ఇక ఆపలేకపోయాను.

రాయడానికి సంగతులు కావాలి. జయ మోటార్ల దగ్గరికే వచ్చేది కాదు, గవ్వలాట అంటే ప్రాణం. అందుకని నీ సంగతులే దాని పేరు మీద రాశాను. రెండు చక్రాల మీద వంపు తిరిగింది నీ మోటారే. మగపిల్లలందర్నీ ఓడించింది నువ్వే. జయ అచ్చం నాలాగే ఉందిరా అని నువ్వు రాసినప్పుడు సంతోషమేసింది, సిగ్గూ వేసింది.

పోయిన నెల నువ్వు జయ పేరు మీద విడిగా కార్డు వేశావు. అది దాని చేతికే అందింది. నేను పనిలో ఉన్నాను. పక్కింటి ఎర్రయ్యకు తెలుగు చదవడం వచ్చు. ఆయనతో పిల్లలందరి ముందూ చదివించుకుంది. పందెంలో గెలిచినందుకు నువ్వు మెచ్చుకుంటూ రాసిన మాటలు విని పిల్లలు నవ్వారట. నేను ఇంటికి రాగానే అడిగింది.

"బాపూ, అత్త నన్ను పందెం గెలిచినవని రాసిందట. నేనెప్పుడు గెలిచిన?"

దాచకుండా అంతా చెప్పాను. నాతో రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు ఆదివారం. పిల్లల మధ్యకు వచ్చి రంపం తీసుకుంది. ఎందుకే అని అడిగాను.

"నేను చేసి గెలిస్తే, నువ్వు రాసింది అబద్ధం గాదు గదా."

సాయం చేయబోతే వద్దంది. మూడు వారాలు చేసింది. రెండుసార్లు కట్టె చీలింది, వేలు తెగింది. నిన్న వాన తెరిపి ఇచ్చింది, పందెం పెట్టాం. పదకొండు మోటార్లు. సగం వాలు దాకా జయదే ముందుంది. ఆగమ్మ పని మానేసి వచ్చి చూస్తోంది. అంతలో ముందు చక్రం ఊడిపోయింది. మోటారు బురదలోకి దొర్లింది. మిగతావన్నీ దాటిపోయాయి.

జయ వెళ్లి చక్రం వెతికి తెచ్చుకుంది. అప్పటిదాకా ఏడవలేదు. నా దగ్గరికి వచ్చాక ఏడ్చింది. అత్తకు ఏం రాయమంటావని నేనే అడిగాను. వాళ్లమ్మ కొంగుతో దాని ముఖం తుడుస్తుంటే ఆలోచించి చెప్పింది.

"ఓడిపోయిన్నని రాయి. ఎన్కటి ఉత్తరాలన్నీ నువ్వే రాసినవని రాయి. గీ మోటరు మాత్రం నేనే చేసిన్నని రాయి."

చెప్పినట్టే రాశాను. కోపం వస్తే నన్ను తిట్టు అక్కా, బిడ్డ తప్పేం లేదు. దీపావళి సెలవులకు నీ దగ్గరికి వస్తానంటోంది. బల్లార్షాలో రైలు బండెక్కి తీసుకొస్తాను. నువ్వు రావద్దంటే ఆగిపోతాం. జవాబు మాత్రం జయ పేరుకే రాయి. ఎర్రయ్యతోనే చదివించుకుంటుందట. నాతో మాత్రం చదివించుకోనంది.

ఇట్లు,
నీ తమ్ముడు
సమ్మన్న