హిమానీనదం ముందు వేపుడు

జునో, జూలై 9

అమ్మమ్మా, నేను బాగానే ఉన్నాను, పడవా మునగలేదు. రేడియోలో విని పెద్దమ్మ ఏం చెప్పినా సగమే నమ్ము.

హిమానీనదం ఎదుట కొవ్వు వేయించకూడదని, ఆ వాసన దానికి గిట్టదని నువ్వు చెబితే నవ్వేదాన్ని కదా. నిన్న పడవ వంటగదిలో, యాత్రికులు అడిగారని సరిగ్గా దాని ఎదురుగానే పెనం మీద కొవ్వు కారే పందిమాంసం, ఆ బేకన్ ముక్కలు, వేశాను. పొద్దుటినుంచీ కదలని మంచు అది. వాసన లేచిందో లేదో, మన చర్చి గోపురానికి మూడింతల ఎత్తు గోడ ఒరిగి కూలింది. ముందు చప్పుడే లేదు. నీళ్లు పైకి లేచాక ఉరుము వచ్చి నా పక్కటెముకలకు తగిలింది. మంచుపలకల మీది సీల్ పిల్లలన్నీ తల్లుల వెంట నీళ్లలోకి దూకాయి. కెప్టెన్ పడవను అలకు ఎదురు తిప్పాడు. అల దాటాక అరవైమంది యాత్రికులూ పడవ అంచుకు చేరారు. విరిగినచోట మంచు నీలంగా, అప్పుడే పుట్టినట్టు ఉంది.

"మీ అమ్మమ్మే ఇక్కడుంటే పెనంతో సహా నిన్ను నీళ్లలోకి తోసేసేది," అన్నాడు రూబెన్ మామ తాళ్లు చుడుతూ. చుట్టిన తాడునే మళ్లీ విప్పి చుట్టాడు.

నా ఊలు మేజోళ్లు, పొగబెట్టిన సాల్మన్ కాస్త పంపు. నీ మోకాలు ఎలా ఉంది? పెద్దమ్మనూ పిల్లలనూ అడిగానని చెప్పు.

ఇకమీదట హిమానీనదం ఎదుట ఉడకబెట్టినవే వడ్డిస్తానని కెప్టెన్‌తో అన్నాను. ఎందుకని అడిగాడు. చెప్పలేదు. చెబితే నవ్వుతాడు, అది వింటుంది.

నీ డెల్లా