పాట అయ్యేదాకా నైట్రోజన్

నాచారం,
మంగళవారం.

జకరయ్య మామకి నమస్కారాలు.

మీరు రిటైరై నెల కాలేదు, మా ల్యాబ్‌లో ఎలక్ట్రాన్ దూకడం మానేసింది. వెలుగు పడగానే రంగు అణువు నుంచి పక్క అణువుకి దూకాల్సినదాన్ని, ద్రావణంలో మిగిలిన ఆక్సిజన్ దారిలోనే కాజేస్తోంది. ఆ ఆక్సిజన్‌ని తరమడానికి ద్రావణంలోకి నైట్రోజన్ బుడగలు పది నిమిషాలు వదిలితే చాలడం లేదు, ఇరవై వదిలితే ద్రావణమే ఆవిరైపోతోంది.

మీరు వదిలినప్పుడు ఆ కొలత ఒక్కరోజు కూడా తప్పలేదు. బుడగల్ని చూస్తూ చర్చి పాట ఒకటి సన్నగా పాడుకునేవారు. "ల్యాబ్‌లో పాటలేంటి మామా!" అని విసుక్కున్నది నేనే.

"పాట ఒడిసేదాంక గాలి పోనియ్యాలె బిడ్డా. బుడగ గూడ పాటతోనే నడవాలె" అన్నారు. నేను నవ్వాను. మర్నాటి నుంచి మీ పెదాలు మాత్రమే కదిలేవి. అయినా కొలత తప్పలేదు.

శుక్రవారం మా గైడ్ సార్‌కి ఫలితం చూపించకపోతే నా మూడేళ్ళ పని మళ్ళీ మొదటికొస్తుంది. అది ఏ పాటో, ఎన్ని చరణాలో రాసి పంపండి.

వద్దు, రాయకండి. ఉప్పల్‌లో బస్సెక్కి ఒక్కసారి రండి మామా. ఈసారి గట్టిగా పాడండి.

మీరు బిడ్డా అని పిలిచే
స్కాలర్