ఆ బరువు తుపాకి నీకొద్దు

బెడోక్, సింగపూర్
20-8-2000

తమ్ముడు బసవయ్యకు అన్న వీరభద్రయ్య దీవెనలు. ఎవరిచేతా రాయించకుండా నేనే రాస్తున్నా.

ఎలక్షన్లని పోలీసు స్టేషన్లో పెట్టిన నాన్న పాత ఇంగ్లీషు రైఫిలును నువ్వు మళ్లీ విడిపించుకు రాలేదు. ఇన్నేళ్లయినా ఆ మంట నాకు చల్లారలేదు.

శనక్కాయ చేను పందులు తవ్వేస్తున్నాయి, జమీందారు ఇంట్లోని పాత ఇంగ్లీషు రెండు గొట్టాల రైఫిలు కొననా, టౌనులో అలాంటిదే తేలికైన చవక రకం కొననా అని అడిగావు. పాతదే కొనమందామనుకున్నా. ఇక్కడ తడిబట్టలు వెదురుకర్రకు తొడిగి వంటింటి కిటికీ బయట ఆరేస్తారు. నిన్న కోడలు వద్దంటున్నా ఆ కర్ర నేనే ఎత్తా. భుజం పట్టేసి, మా అబ్బాయి శశికాంత్ ఆఫీసు చొక్కాలన్నీ కర్రతో సహా ఎనిమిదో అంతస్తు నుంచి కిందపడ్డాయి. దేవుడి దయ, కింద ఎవరూ లేరు. మనవరాలు "తాతా, యూ కెనాట్ లా!" అని, నీవల్ల కాదని ఇక్కడి ఇంగ్లీషులో అంటూ ఒకటే నవ్వు.

అప్పుడు నువ్వు గుర్తొచ్చావు. నాకంటే రెండేళ్లే చిన్నవాడివి, పైగా నీ కుడిభుజం ఎద్దు కుమ్మింది. ఆ పాతది ఎత్తడానికే బరువు, పేలిస్తే గాడిదలా తంతుంది. నా కోపం తీర్చడానికే దానిమీద కన్నేశావని నాకు తెలియదా? నాన్న తుపాకి పోయింది, పోనీ. చవకదైనా తేలికది కొను. రెండు గొట్టాలూ పేల్చి చూడు, గుళ్లు ఒకేచోట తగిలితేనే తీసుకో.

నల్లావు ఈనిందా? మరదలి మోకాళ్లకు ఇక్కడి తైలం తెస్తా. పిల్లలకు ఆశీస్సులు.

తేలికదే కొన్నానని వచ్చే నెల పదిహేనో తేదీకల్లా నాకు జాబు రావాలి. రాకపోతే మరదలికే ఫోను చేస్తా.