హార్వర్డు నుంచి పెన్న అవతలికి

జూలై 4, సోమవారం. ఉదయం 6.10
ఈ వారం ఫ్యాక్షన్ వార్త ఒక్కటీ రాయను. ప్రొద్దుటూరు రిపోర్టరంటే బాంబులు లెక్కపెట్టేవాడేనా? ప్రపంచంలోని మేటి విశ్వవిద్యాలయాలు, ఏ ప్రాంతానివి ఎన్ని: ఇదీ వ్యాసమాల. శనివారం ఆఖరిది మన రెండు ఇంజినీరింగ్ కాలేజీల మీద. పెన్నకు అవతల ఒకటి, ఇవతల ఒకటి. టీకొట్టు వలి బాషా కూతురు సైదున్నీసాకు వచ్చే సోమవారం తిరుపతిలో సీటు కౌన్సెలింగ్.
"రెండిట్లో యాది మంచిదో నీ పేపర్లో చూసే పోతా జయరాజు మామా!"
మాటిచ్చాను.

జూలై 5
మొదటి వ్యాసం వచ్చింది! నిరుటి జాబితా ఒకదానిలో మొదటి ఇరవై: అమెరికావి పదిహేడు, ఇంగ్లండువి రెండు, జపాన్‌ది ఒకటి. మనది సున్నా.
నగల కొట్టు లక్ష్మీనరసయ్య ఫోను: "ఇంగ్లండోళ్ళకు డిపాజిట్టు కూడా దక్కల్యా కదప్పా!"

జూలై 6
యూరప్ సగం రాశాను. 11.40కి జమ్మలమడుగు దగ్గర ఒక వర్గంవాళ్ళు ప్రత్యర్థుల జీపు తగలబెట్టారు. వెళ్ళి రాశాను. అది రవాణా వార్త.

జూలై 7
పులివెందులలో రెండు వర్గాలు బ్యానర్లు చింపుకున్నాయి. అది బట్టల వార్త. యూరప్, ఆసియా కలిపి పన్నెండు లైన్లు.

జూలై 8
రెండు కాలేజీలూ చూశాను. ఇవతలిది: కంప్యూటర్లు 28, పనిచేసేవి 21. అవతలిది: ల్యాబ్ అని బోర్డున్న గదిలో శెనక్కాయల మూటలు. రెండూ నాయకులవే, ఎదురెదురు పార్టీలు.
సా. 5.00: వ్యాసం పంపాను.
6.15: అవతలాయన మనుషులు, రెండు సుమోలు. "మూటలు యాడ చూసినావప్పా? నీ కండ్లు బాగుండాయా?" నా ఆరోగ్యం గురించి ఇంతగా ఎవరూ అడగలేదు.
6.40: ఇవతలాయన ఫోను. "పనిచేయని ఏడింటిని లెక్కపెట్టమని యెవురు చెప్పినారు నీకు?"
7.00: ఎడిటర్. "లెక్కలు తీసెయ్. రెండూ మేటివే అని రాయి."
ఎవరి పేరు ముందు? ఈడ దానికే తలలు పగులుతాయి. ముందు సుమోలవాళ్ళది, తర్వాత ఫోనాయనది. ర్యాంకింగ్ పద్ధతి దొరికింది.

జూలై 9
అచ్చయింది. పేర్ల పక్కన 1, 2 అని అంకెలు! నేను వేయలేదు, డెస్కువాళ్ళు వేశారు. సైదున్నీసాకు నిజం చెప్పాలి.

జూలై 10
టీకొట్టు వైపు పోలేదు. టీ మానేస్తే కడుపుకు మంచిదంట.

జూలై 12
వలి బాషా ఇంటికే వచ్చి నోట్లో లడ్డు పెట్టాడు. "నీ లిస్టులో ఒకటో నంబరు కాలేజే తీసుకున్యాది మా పాప జయరాజన్నా! కంప్యూటర్లే చదువుతాదంట!"
లడ్డు మింగాను.

జూలై 13. ఉదయం 6.10
ఈ వారం ఫ్యాక్షన్ వార్త ఒక్కటీ రాయను. కొత్త వ్యాసమాల: ఆఫ్రికా, లాటిన్ అమెరికా విశ్వవిద్యాలయాలు. నిజాలు మాత్రమే. ఆడినుంచి ప్రొద్దుటూరికి సుమోలు రావు.