సెలవులో ఉన్న కెమిస్టమ్మకు

మంచినీళ్ల ఫిల్టరు హౌసు,
జూలై తొమ్మిది.

చిరంజీవి సౌభాగ్యవతి కెమిస్టమ్మకు,

బాబాయి దీవించి రాసేది. ఇక్కడ నేను, మీ పిన్ని, ఎనిమిది ఫిల్టరు బెడ్లు, రెండు పాత పంపులు ఉన్నంతలో బాగానే ఉన్నాం. ఒక పంపుకీ మీ పిన్నికీ మోకాళ్ల నొప్పులు. ఆ పరదేశంలో నువ్వూ, అల్లుడుగారూ, పాపా కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నిజానికి ఈ ఉత్తరం రాయకుండా ఎగ్గొడదామనే అనుకున్నాను. ఫోనులో రెండు ముక్కలు చెప్పి పడేయక కాగితాలెందుకు తగలేస్తారని మీ పిన్ని కూడా అంది. కానీ ఫోనులో నా సంగతి నీకు తెలుసు. బాగున్నారా బాబాయ్ అని నువ్వంటావు, బాగున్నానమ్మా అని నేనంటాను, అక్కడితో సరి. నీ రాజీనామా కాగితం ఏమైందని పోయిన ఆదివారం నాలుగోసారి అడిగావు. లైను సరిగ్గా లేదు, వినపడటం లేదన్నాను. లైను బాగానే ఉంది. అందుకని కూర్చున్నాను.

నువ్వు అడిగింది న్యాయమే. పోస్టులో ఆఫీసుకు పంపితే ఏ బల్ల కింద పడుతుందోనని కాగితాన్ని నా పేరన పంపావు. చేత్తో ఇచ్చి రసీదు తీసుకోమన్నావు. ఇప్పుడు నీ కొత్త కంపెనీవాళ్లు పాత ఉద్యోగం నుంచి విడుదలైనట్టు కాగితం చూపించమంటున్నారు. అది రావాలంటే ముందు రాజీనామా పైకి వెళ్లాలి. అది పైకి వెళ్లలేదు. ఎక్కడ ఆగిందో చెప్పడం కొంచెం కష్టం. చెబుతాను. ముందు వానల సంగతి చెప్పనీ, లేకపోతే మరిచిపోతాను.

పోయిన వారం ఏరు ఒక్కసారిగా పొంగింది. నీళ్లు ఇటుకపొడి కలిపినట్టు వచ్చాయి. ఇలాంటప్పుడు నేనేం చేస్తానో నీకు తెలుసు. తొట్టి దగ్గర నిలబడి, తల ఒక పక్కకు వాల్చి, ఒక కన్ను మూసి, ఇన్ని బస్తాల పటిక అంటాను. మీరు ల్యాబులో జాడీల్లో పటిక కలిపి తేల్చే జార్ టెస్టు నాకు నలభై ఏళ్లుగా అదే. నువ్వు కొత్తగా చేరినప్పుడు నా కంటిని చూసి నవ్వి, ఆర్నెల్లకు నమ్మడం మొదలుపెట్టావు. ఆ గర్వం నాకింకా దిగలేదు.

సరే, పటిక వేయించాను. మన్ను ముద్దకట్టలేదు. ఇంకా వేయించాను. నీళ్ల మీద తెల్లటి పొగలాంటిది తేలిందే గాని ఒక్క రవ్వ అడుక్కి దిగలేదు. ఇంకో నాలుగు బస్తాలు తెమ్మని అరుస్తుంటే చిన్న కెమిస్టు గొడుగు కూడా లేకుండా పరుగెత్తుకొచ్చింది.

ఈ చిన్న కెమిస్టు గురించి నీకు సరిగ్గా చెప్పలేదు. రెండేళ్ల క్రితం నీ బదులు తాత్కాలికంగా తీసుకున్న పిల్ల. నువ్వు నన్ను బాబాయ్ అనేదానివి, ఈవిడకు నేను తాతనయ్యాను. ఏం తాతా, ఇవాళ కన్ను ఏమంటోంది అని పలకరిస్తుంది. ఆ రోజు మాత్రం నవ్వలేదు. తాతా, మీరు వేస్తున్నది పటిక కాదు, మొండితనం అంది. ఇది వాననీళ్లు, పటిక పట్టుకోవడానికి ఇందులో ఆసరా లేదు, ముందు సున్నం పడాలి అంది. నాకు కోపమొచ్చింది. నువ్వు పుట్టకముందు నుంచీ ఈ ఏటిని చూస్తున్నాను పిల్లా అన్నాను. చూస్తున్నారు సరే, తాగేవాళ్లు మీ కళ్లతో తాగరు కదా అని, నా జవాబు కోసం ఆగకుండా ల్యాబులోకి పోయింది. అరగంటలో ఆరు గాజు జాడీల్లో తిప్పి చూపించింది. నాలుగో జాడీలో మన్ను దూదిపింజల్లా కట్టి, ఎవరో పిలిచినట్టు అడుక్కి దిగిపోయింది. నేను తలగోక్కుని సున్నం బస్తా నేనే మోసుకొచ్చాను. మధ్యాహ్నానికి నీళ్లు తేటపడ్డాయి.

అప్పుడు నడుము పట్టుకుని కూర్చుండిపోయాను. సున్నం బరువుకు కాదు. ఆ పిల్ల లేకపోతే ఆ వేళ ఏమయ్యేదోనని.

నీకు ఫోనులో ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటుంది. నువ్వెళ్లాక, ఈ పిల్ల రాకముందు, ఏడాదిన్నర పాటు ల్యాబుకు తాళమే కదా. ఆ వానల్లో కూడా నా కన్నే దిక్కయింది. చివరి కుళాయిల వీధుల్లో పిల్లలు వరసగా మంచాన పడ్డారు. దేవుడి దయవల్ల ఎవరూ పోలేదు. ఆసుపత్రి నడవలో ఒకే మంచం మీద ఇద్దరిద్దర్ని పడుకోబెట్టారు. నేను వెళ్లి చూసి వచ్చేశాను. అప్పటినుంచి నేను తల ఒక పక్కకు వాల్చినప్పుడల్లా ఆ నడవ కనపడుతుంది.

ఇదంతా నీ తప్పని రాయడం లేదమ్మా. తాడిచెట్టెక్కేవాణ్ణి ఎంతవరకని తోస్తాం అంటారు. ఇక్కడ తోసే చెయ్యి కూడా ఎవరికీ లేదు. మన పంపుల ఎలక్ట్రీషియను ఎడారి దేశంలో సముద్రపు నీళ్లను మంచినీళ్లు చేస్తున్నాడట. ఇక్కడ ఏటినిండా మంచినీళ్లే, పంపే నాథుడు లేడు. వెల్డరు ఓడల కార్ఖానాకు పోయాడు. కొత్త ఇంజనీరుగారు కూడా ఏదో పరీక్షకు చదువుతున్నారు. ఏ పరీక్ష అని నేనడగలేదు. చెవుల్లో వైర్లు పెట్టుకుని, ఇంగ్లీషు పాఠాలు వల్లిస్తూ ఫిల్టరు బెడ్ల గట్ల మీద తిరుగుతుంటే అడగాలా? నీళ్లు పల్లానికి పోయినట్టు మనుషులు తమ పనికి విలువున్న చోటికి పోతారు. ఆగు, ఈ పోలిక తప్పు. పల్లపు నీళ్లను ఎత్తుకు తోడిపొయ్యడమే కదా ఇన్నేళ్లూ మనం జీతం తీసుకున్న పని.

నేనెందుకు పోలేదని నువ్వొకసారి అడిగావు. నన్నెవడు పిలుస్తాడమ్మా! నేను బడికి వెళ్లింది లేదు. క్లోరిన్ సిలిండరు మీది అక్షరాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాను. నేను మొట్టమొదట చదివిన మాట అపాయం. కింద పుర్రె బొమ్మ ఉంది కాబట్టి అర్థం కూడా దానంతటదే తెలిసింది. తర్వాత పటిక బస్తాలు, ఆ తర్వాత నువ్వు వదిలేసి వెళ్లిన పుస్తకాలు. వాటిలో ఒకదానిలో సున్నం సంగతి నూట పన్నెండో పేజీలో ఉందట. చిన్న కెమిస్టు చూపించింది. నేను నూట నాలుగు దగ్గర ఆగాను.

ఇక అసలు విషయం. చిన్న కెమిస్టుకు కూడా పిలుపు వచ్చింది. నువ్వున్న దేశమో, దాని పక్క దేశమో. నెలాఖరులోగా ఏదో ఒకటి చెప్పాలట. నా దగ్గరకొచ్చి గట్టు మీద కూర్చుంది. తాతా, నాకు పోవాలని లేదు, మా అమ్మకు ఒంట్లో బాగుండదు, ఇక్కడి పని నాకిష్టం అంది. కానీ ఈ తాత్కాలికం ఎన్నాళ్లు, ఏ రోజైనా రేపట్నుంచి రావద్దంటే నా గతేంటి అంది. పోస్టు ఇమ్మని ఇంజనీరుగారిని అడిగితే, పోస్టు ఖాళీగా లేదు కదమ్మా అన్నారట. నిజమే కదా. ఉద్యోగుల పట్టీలో నువ్వింకా ఇక్కడే ఉన్నావు. అయిదేళ్ల సెలవులో మూడున్నరే అయ్యాయి. రోజూ నీ వరసలో సెలవు అని రాస్తున్నారు. నీ రాజీనామా ముడితే గాని ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చోవడానికి లేదు. మీ కెమిస్టమ్మను వస్తుందో, మానేస్తుందో ఏదో ఒకటి తేల్చమనండి తాతా, ఆవిడ చేతిలో నా బతుకుంది అంది. అవన్నీ పైవాళ్ల సంగతులు పిల్లా అన్నాను.

కాబట్టి నిన్ను ఒక్క మాట అడుగుతాను. మొదట్లో నువ్వు మందుల గిడ్డంగిలో అట్టపెట్టెలకు టేపు అంటించే రోజుల్లో, ఎమ్మెస్సీ చదివి ఇదేం పని బాబాయ్, వచ్చేస్తాను అని ఏడ్చావు. ఇప్పుడు అక్కడి పరీక్ష గట్టెక్కి, మళ్లీ నీళ్ల పనిలోనే చేరుతున్నావు. సంతోషం. అయినా అడుగుతున్నాను. ఇంకెప్పటికైనా వచ్చే ఉద్దేశం ఏమైనా ఉందా? మొహమాటం లేకుండా చెప్పు. ఉత్తరం అందిన రోజే ఫోను చెయ్యి. ఈసారి లైను బాగుంటుంది.

పాపకు ముద్దులు. అల్లుడుగారికి నా నమస్కారాలు. మీకక్కడ జూలైలోనే చలికాలమట కదా, చెవులు కప్పుకోమని మీ పిన్ని చెప్పమంది.

ఇట్లు,
ఒంటికన్ను జార్ టెస్టు బాబాయి.

తా.క. ఆగస్టు నాలుగు.

ఈ ఉత్తరం నేను పోస్టు చెయ్యలేదు. మూడు వారాల పైన చొక్కా జేబులో తిరిగింది. రెండుసార్లు మీ పిన్ని ఉతకబోయి తీసింది.

నీ రాజీనామా ఆఫీసులో ఎక్కడా ఆగలేదమ్మా. నా ఇనప్పెట్టెలో ఆగింది. నువ్వు పంపినప్పటి నుంచి, పదకొండు నెలలు. ఏదో విసుగులో రాసి ఉంటావు, మనసు మారి రేపొస్తానంటే నీ కుర్చీ ఉండాలి కదా అనుకున్నాను. కెమిస్టమ్మ వచ్చేస్తుందని అందరితోనూ చెప్పుకుని తిరిగినవాణ్ణి. అందులో నీ మీది ప్రేమ ఎంతో, నా మాట నెగ్గాలన్న పట్టుదల ఎంతో ఇప్పుడు విడదీసి చెప్పలేను.

నెలాఖరు రోజున చిన్న కెమిస్టు మూడింటి దాకా ఆగింది. ఏమైనా తెలిసిందా తాతా అని ఒకసారి అడిగింది. లేదన్నాను. సరేనని, వస్తున్నట్టు వాళ్లకు జవాబు రాసి పంపి, ల్యాబు తాళం నా చేతిలో పెట్టింది. కెమిస్టమ్మకు నా నమస్కారం చెప్పండి, ఆవిడ మీద నాకేం కోపం లేదు, ఎవరి ఇబ్బందులు వాళ్లవి అంది. ఆ తాళాన్ని ఈ ఉత్తరం ఉన్న జేబులోనే వేసుకున్నాను.

మర్నాడు నీ కాగితం ఆఫీసులో ఇచ్చాను. గుమాస్తా పైనున్న తేదీ చూసి, ఇంత ఆలస్యమేం పెద్దాయనా అన్నాడు. వానలన్నాను. ముద్ర వేసి రసీదు ఇచ్చాడు, ఇందులో పెడుతున్నాను. నీ విడుదల కాగితం పదిహేను రోజుల్లో వస్తుందట. పోస్టు ఇప్పుడు ఖాళీయే.

ఈ ఉదయం మామూలు ప్రకారం ఆరు వీధుల కుళాయిల నుంచి పరీక్షకని ఆరు సీసాల నీళ్లు పట్టి, చీటీలు అంటించి, ల్యాబు బల్ల మీద పెట్టాను. సాయంత్రం పారబోసి, సీసాలు కడిగి బోర్లించాను.