దూడల లెక్క నాది

ఫిబ్రవరి 8

Y2K గండం గడిచింది. ఏ కంప్యూటరూ పేలలేదు. పని లేక గోళ్ళు గిల్లుకుంటున్న నాకు మా మేనేజర్ లిమ్ అప్పగించిన పని — దూడలు! సముద్రానికి అవతల, సుమత్రాలో పెద్ద పెద్ద షెడ్లున్న కంపెనీ. ఆస్ట్రేలియా నుంచి ఏడాది వయసు దూడల్ని ఓడల్లో తెచ్చి, మేపి, బలిశాక మాంసానికి అమ్ముతారు. అక్కడి రైతుల దగ్గర ఎన్ని దొరుకుతాయి, జనానికి ఎన్ని కావాలి, తక్కువ పడేవి ఎన్ని తెప్పించుకోవాలి — ఇది చెప్పే ప్రోగ్రామ్ నేను రాయాలి. "డు దిస్ వెల్, టీమ్ లీడ్ ఈజ్ యువర్స్ లా" అన్నాడు. ఈ దేశంలో మాట చివర ఆ 'లా' ఊతపదం.

సైన్స్ పార్క్‌లో ఆఫీసు నుంచి హౌగాంగ్‌లో ఇంటి దాకా బస్సులో అదే ఆలోచన. సంతోషంగా ఉంది. ఈ పేజీల్లో అది తక్కువ కాబట్టి రాసి పెడుతున్నా.

ఫిబ్రవరి 11

అత్తగారికి తెలిసిపోయింది. మా ఆయన మురళి నోట్లో నువ్వుగింజ నానదు కదా. "ఆవుల్ని కోసే పనిటమ్మా?" నేను కోయట్లేదు అత్తయ్యా, లెక్క వేస్తున్నా. "రెండూ ఒకటే." అలిగి కూర్చున్నారు. నేను చేసిన పప్పుచారు మాత్రం రెండోసారి వడ్డించుకున్నారు.

ఫిబ్రవరి 16

ఆ కంపెనీ నుంచి వచ్చిన అంకెల్లో, పోయినేడు అక్కడి రైతులు సంతకు తోలిన గొడ్లు బోలెడు. శేఖర్ తొంగి చూశాడు — ఆఫీసులో పక్క సీటు, మురళికి స్నేహితుడు, ప్రతి ఆదివారం భోజనం మా ఇంట్లోనే. "సప్లై బ్రహ్మాండంగా ఉందండీ. దిగుమతి తగ్గించెయ్యొచ్చు."

బ్రహ్మాండమట! అనంతపురం దాన్ని నేను. కరువొచ్చిన ఏడు మా సంతలో కాలు పెట్టడానికి చోటుండదు. మేత లేక, ఇంట్లో గింజ లేక, పాలిచ్చేదాన్నీ చూలుదాన్నీ కూడా తోలుకొస్తారు. మరుసటేడు వాన పడినా ఈనడానికి ఆవుండదు. అక్కడా అదే జరిగింది. వాళ్ళ డబ్బు విలువ పడిపోయి, ధరలు మండిపోయి, ఉన్నవన్నీ అమ్ముకున్నారు. సంతలో ఎక్కువ కనపడ్డాయంటే కొట్టాలు ఖాళీ అవుతున్నాయని అర్థం. ఆడవాటిని విడదీసి మళ్ళీ లెక్క వేశా. తెప్పించాల్సినవి పెరిగాయి — బాగా.

లిమ్ "షూర్ ఆ?" అన్నాడు. షూర్. ఇరవై ఎనిమిదిన క్లయింటు వస్తున్నాడు, నువ్వే చెప్పు అన్నాడు.

ఫిబ్రవరి 22

ఇప్పుడు నేను చెప్పనక్కర్లేదట! లిమ్ గొంతు తగ్గించి, పరామర్శకు వచ్చినవాడిలా... "దిస్ వన్ కౌ, మా. యూ హిందూ. సెన్సిటివ్. శేఖర్ విల్ ప్రెజెంట్."

శేఖర్ మరి ఎవరు బాబూ? ఏకాదశికి ఉపవాసం ఉంటాడే! "హి సేస్ కెన్." వాడు సరేనన్నాడట. నేను కుదరదని ఎప్పుడన్నాను? "యువర్ హస్బెండ్..." అని టక్కున ఆగాడు. కళ్ళు తిప్పుకున్నాడు.

ఫిబ్రవరి 23

మురళి పనే. ఒప్పుకున్నాడు, అదీ దర్జాగా. "అమ్మ రోజూ బాధపడుతోంది. ఆఫీసులో కాస్త సర్దుబాటు చేయించమని శేఖర్‌తో అన్నాను. నీకు చెప్పుకోడానికి మొహమాటం అనుకున్నాను. నీ మంచికే, సుజా."

నా మంచికి! నా మంచేమిటో నాకు తప్ప అందరికీ తెలుసు. ఒళ్ళు మండిపోయింది. "నన్ను ఒక్క మాట అడిగినావా?" — కోపమొస్తే నాకు మా ఊరి మాటే వస్తుంది. అత్తగారు లోపల టీవీ సౌండ్ పెంచారు.

ఫిబ్రవరి 24

ఎవరితోనూ మాట్లాడలేదు. వంట మాత్రం చేశా. ఎందుకు చేశానో.

ఫిబ్రవరి 25

ప్రింటర్ దగ్గర శేఖర్ కాగితాలు చూశా. నేను విడదీసిన ఆడవాటిని మళ్ళీ కలిపేశాడు! "నంబరు మరీ పెద్దదండీ, క్లయింటు కంగారుపడతాడు." ఎందుకు పెద్దదో తెలుసా? "అదే... మీరేదో కరువు అన్నారుగా." పైగా మొదటి పేజీ చూపించాడు. తయారుచేసినది — సుజాత. "మీ పేరు తీయలేదు చూశారా?"

ఎంత ఉదారబుద్ధి! చెప్పే కుర్చీ వాడికి, తప్పు లెక్క నాకు. ఈ లెక్క నమ్మి ఓడలు తగ్గించుకుంటే ఏడాదిలో ఆ షెడ్లలో ఈగలు తోలుకోవాలి. అప్పుడు చూస్తారు, ఎవరి పేరుందా అని.

లిమ్ దగ్గరికి పరిగెత్తా. "టాక్ టు శేఖర్ లా. ఐ డోంట్ వాంట్ ఫ్యామిలీ ప్రాబ్లమ్ హియర్." ఫ్యామిలీ ప్రాబ్లమా ఇది? ఛీ.

ఫిబ్రవరి 27

ఆదివారం. సిగ్గూ ఎగ్గూ లేకుండా శేఖర్ భోజనానికి వచ్చాడు. అత్తగారు గుత్తివంకాయ కొసరి కొసరి వడ్డించారు. మజ్జిగ దగ్గర బయటపెట్టాడు. "క్లయింటు ఫాక్స్ పంపాడండీ. పోయినేడు అమ్మినవాటిలో ఆడవి ఎన్ని, వాటి వల్ల ముందు ముందు ఎంత తగ్గుతుంది అని. కాస్త చెప్పరూ?"

మురళి — "చెప్పు సుజా. పాపం, ఇంటికొచ్చి అడుగుతున్నాడు."

పాపమట. నా చేతిలో గరిటె చేతిలోనే ఉండిపోయింది, అదృష్టవంతుడు.

"చెప్తా. రేపు మీటింగులో. ఆ క్లయింటుకే చెప్తా."

వాళ్ళ ముందే లిమ్ ఇంటికి ఫోన్ చేశా. రేపు నేనొస్తున్నా అన్నా. లిమ్ జవాబు — "సీ హౌ లా." ఈ దేశంలో ఇన్నేళ్ళుండీ, అది ఔనో కాదో నాకిప్పటికీ తెలియదు.

ఫిబ్రవరి 28

మీటింగు గది బయట కుర్చీలో కూర్చుని రాస్తున్నా. పొద్దున మురళి గుమ్మం దగ్గర నిలబడ్డాడు — "అమ్మకి ఏం చెప్పమంటావ్?" నీ ఇష్టమొచ్చింది చెప్పుకో అన్నా. నా తరఫున చెప్పడం నీకు కొత్తా?

లిమ్ ఒకసారి బయటికొచ్చాడు. నన్ను చూశాడు. రమ్మనలేదు, పొమ్మనలేదు. తలుపు కాస్త తెరిచే ఉంచి వెళ్ళాడు. అక్షరాలు వంకర పోతున్నాయి. భయం కాదు. కాదు... కొంచెం భయమే.

లోపల క్లయింటు అడుగుతున్నాడు. అమ్మినవాటిలో ఆడవెన్ని అని.

శేఖర్ గొంతు సవరించుకుంటున్నాడు. ఇంకా సవరించుకుంటూనే ఉన్నాడు.

నన్నెవరూ పిలవలేదు. లేస్తున్నా —