ఎడమదిక్కు రేడియో

మంగళవారం, సూర్యాపేట

ఇయ్యాల మా కార్ల రిపేరు దుకాణంల కోదాడ సారు పాత అంబాసిడర్‌కు కొత్త డ్యాష్‌బోర్డు బిగించి, నడుమ ఖాళీల ఆయన పాత రేడియో పెట్టిన.

"అక్కడ కాదు బాబూ, మునుపున్నట్టే ఎడమవైపు కింద పెట్టు" అన్నడు.

నాకు మండింది. "జనం బస్సులల్ల నిలవడి పోతుంటే మీకీ షోకులేంది సారూ?"

ఎడమ సీట్ల కూసున్న ఆయన భార్య నవ్వింది. "లీడర్‌వా నాయనా? నాకు చూపు పోయి చానా ఏళ్లయింది. కారెక్కితే రేడియో మాత్రం నేనే పెట్టుకుంటా, ఎవర్నీ అడగను."

ఆమె చెయ్యి డ్యాష్‌బోర్డు కింద రేడియో కోసం తడుముతనే ఉంది.

రేడియో తీసి పాత జాగల బిగించిన. ఆమె చెయ్యి సీదా బటన్ మీదికే పోయింది. గరగరమని, పాటొచ్చింది.

నేను సదివిన మా సంఘం కరపత్రాలల్ల కారు, రేడియో గిసొంటియన్నీ విలాసం కిందికే వస్తయి. ఎవర్నీ అడగకుంట ఆమె చేసుకునే ఆ ఒక్క పని దేని కిందికొస్తదో యాడా రాసిలేదు...